కొనే ముందు ఒక తెలుగు పేజీ తెరిచి చూడండి

మా తిరువూరులో పుస్తకాలు చదివేవాళ్ళు నలుగురు కలిస్తే ఈమధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "పదివేలు పోసి ఆ కిండిల్ కొనుక్కోమంటారా, వద్దంటారా?" అడిగేవాళ్ళలో రిటైరైన మాస్టార్లున్నారు. గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్ళున్నారు. డాలస్ నుంచో డబ్లిన్ నుంచో పిల్లలు ఫోన్ చేసి "ఈసారి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారు నాన్నా?" అంటే చప్పున ఏం చెప్పాలో తోచనివాళ్ళూ ఉన్నారు. అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో తేలే సంగతి కాదిది. ఎవరు చదువుతారు, ముఖ్యంగా ఏ భాషలో చదువుతారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

అసలు దాన్ని కొనాలన్న ఆశ ఎందుకు పుడుతుందో ముందు చెప్పాలి. మాది ఎన్టీఆర్ జిల్లాలో ఉత్తరపు కొసన, తెలంగాణ పొలిమేరలో ఉన్న ఊరు. మామిడికాయకు లోటు లేదు గానీ పుస్తకానికి ఉంది. బజారులో స్కూలు గైడ్లు, నోటు పుస్తకాలు, పంచాంగాలు దొరుకుతాయి. ఒక నవల కావాలంటే బస్సెక్కి మైలవరం మీదుగా రెండు గంటలు ప్రయాణం చేసి విజయవాడ ఏలూరు రోడ్డుకి పోవాలి. లేదంటే జనవరి మొదట్లో వచ్చే పుస్తక మహోత్సవం దాకా ఆగాలి. 1989లో మొదలైన ఆ పండక్కి మా వైపు నుంచి ఖాళీ సంచులతో వెళ్ళి నిండు సంచులతో దిగేవాళ్ళను డిపోలో ఇప్పటికీ చూస్తుంటాం. అలాంటి చోట, అరచేతిలో ఇమిడే పలక ఒకటి ఉందనీ, అందులో వెయ్యి పుస్తకాలు పడతాయనీ వింటే ఎవరికి మాత్రం మనసు పుట్టదు?

కిండిల్‌ని పలక అన్నాను. నిజానికి దాన్ని చూడగానే గుర్తొచ్చేది పలకే. ఆరంగుళాల తెర, నూటయాభై గ్రాముల పైచిలుకు బరువు. ఫోను తెరకీ దీనికీ తేడా తెలియక "ఫోనుందిగా, మళ్ళీ ఇదెందుకు?" అంటారు చాలామంది. ఫోను తెర వెలుగును మన కంట్లోకి కొడుతుంది. దీని తెర అలా కాదు. అందులో కంటికి కనపడనంత చిన్న గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క గుళికలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు. ఒక రకానికి ధన విద్యుదావేశం, రెండో రకానికి రుణ విద్యుదావేశం. కింద నుంచి కరెంటు తగిలిన తీరును బట్టి నల్లవి పైకి తేలితే అక్కడ అక్షరం, తెల్లవి తేలితే అక్కడ కాగితం. ఒకసారి తేలాక మళ్ళీ పేజీ తిప్పేదాకా కదలవు. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. మిట్టమధ్యాహ్నం వసారాలో కూర్చున్నా అచ్చు పుస్తకంలాగే కనపడుతుంది. చీకట్లో చదవడానికి అంచుల నుంచి తెర మీదకు జారే చిన్న లైటుంటుంది. పేజీ తిప్పినప్పుడు అక్షరాలు ఒక్క క్షణం మసకబారి, అప్పుడప్పుడు తెరంతా నల్లగా మెరిసి, కొత్త పేజీ పైకి వస్తుంది. మొదటి రోజు అది చికాకు పెడుతుంది. తర్వాత గమనించనే గమనించం.

ఈ-ఇంక్ అనే ఈ తెర అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. 1997లో కంపెనీ అయింది. 2004లో జపాన్లో సోనీ వాళ్ళు దానితో చదివే యంత్రం అమ్మారు. 2007 నవంబరు 19న అమెజాన్ వాళ్ళు కిండిల్ తెచ్చారు. అప్పటి ధర 399 డాలర్లు. అయిదున్నర గంటల్లో సరుకంతా అయిపోయింది. మన దేశానికి కిండిల్ పుస్తకాల దుకాణం 2012లో వచ్చింది.

అక్కడి నుంచే మన కథ మలుపు తిరుగుతుంది. 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్ళు కిండిల్లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదే. తెలుగు లేదు. దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాషల వరసలో నాలుగో స్థానంలో ఉన్న భాషను పక్కన పెట్టి, మనకంటే తక్కువమంది మాట్లాడే గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చారు. వాళ్ళకిచ్చారని నాకు కష్టమేమీ లేదు. మనకెందుకివ్వలేదన్నదే నా బాధ. కొందరు రచయితలు దొడ్డిదారిన ఏదో ఒక ఉపాయంతో తమ తెలుగు పుస్తకాలు అందులో పెట్టుకున్న మాట వాస్తవమే. కానీ రాజమార్గంలో రాని పుస్తకం ఒక్కోసారి బొమ్మల రూపంలో వస్తుంది. అక్షరం పెద్దది చేద్దామంటే పెరగదు. పెరిగితే పేజీ తెరలో పట్టదు.

నేరమంతా ఆ కంపెనీ మీదే మోపడం న్యాయం కాదు. మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. విజయవాడలో గానీ హైదరాబాదులో గానీ తెలుగు పుస్తకాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. అచ్చుకు ఆ అక్షరాలు ఎంతో అందంగా ఉంటాయి. చిక్కేమిటంటే అవి యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తొడిగింది తెలుగు చొక్కా. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు, కామాలు, డాలరు గుర్తులు బయటపడతాయి. తెలుగుకు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు దొరికింది. 2012లో తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల నాటికి మండలి, ఎన్టీఆర్, గిడుగు, సురవరం లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు కూడా వచ్చాయి. అయినా డీటీపీ గదుల్లో పాత అలవాటు పూర్తిగా పోలేదు. ఈ-రీడర్‌లో అక్షరం పెరగాలన్నా, వాక్యం తెరకు తగ్గట్టు సర్దుకోవాలన్నా ఆ పుస్తకం యూనికోడ్‌లో ఉండాలి. పాత ఫైలును మార్చాలంటే మళ్ళీ ప్రూఫు చూడాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? చూశారా, పదివేల పరికరం దగ్గర మొదలైన ప్రశ్న తిరిగి తిరిగి ప్రూఫ్‌రీడరు బల్ల దగ్గరకే వచ్చింది.

మా వీధి చివర ఒక మాస్టారున్నారు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. అమెరికాలో ఉన్న కోడలు ఆయనకొక కిండిల్ తెచ్చిపెట్టింది. ఆయన నన్ను కేకేసి "ఇదుగో అబ్బాయ్, దీంట్లో మన పుస్తకాలు ఎట్లా ఎక్కిస్తారో చూడవయ్యా" అన్నారు. మొదట ఆయన ఇంటర్నెట్ నుంచి దింపించుకున్న స్కాన్ పుస్తకం ఎక్కించాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసినది. మన చిత్తూరు జిల్లావాడైన రాజ్‌రెడ్డి గారు, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త, తలపెట్టిన పెద్ద యజ్ఞంలో భాగమది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పాలు పంచుకుంది. లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ మేలు తక్కువది కాదు. అవి లేకపోతే మన పాత పుస్తకాల్లో చాలావాటి ముఖం కూడా చూసి ఉండేవాళ్ళం కాదు.

కానీ ఆరంగుళాల తెర మీద తెరిస్తే ఏమైంది? డెమ్మీ సైజు పేజీ సగానికి కాస్త పైమాటగా కుంచించుకుపోయింది. మధ్యలో గ్రంథాలయం వాళ్ళ గుండ్రటి ముద్ర, కాగితం పసుపు అంతా బూడిదరంగుగా మారి అక్షరాల చుట్టూ మసి పట్టినట్టుంది. "క్ష"కీ "క్ర"కీ తేడా పోల్చుకోవడానికి మాస్టారు తెరను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే వాక్యం చివర తెర బయటకు పోయింది. అటు జరిపితే వాక్యం మొదలు పోయింది. ఆ తెరకు ఫోను తెర చురుకు ఉండదు. జరిపినప్పుడల్లా ఆలోచించి కదులుతుంది. నాలుగు పేజీలు చదివి "ఇది మన వల్ల కాదు" అని బల్ల మీద పెట్టేశారు.

అప్పుడు తెలుగు వికీసోర్స్ నుంచి వీరేశలింగం గారి స్వీయచరిత్ర ఈపబ్ అనే ఈ-పుస్తకం రూపంలో దింపి, ఎక్కించాం. వికీసోర్స్ అంటే, స్కాన్ పేజీ పక్కన పెట్టుకుని వాలంటీర్లు అక్షరం అక్షరం టైపు చేసి, ఒకరు చూసినది మరొకరు సరిచూసి నిలబెట్టిన గ్రంథాలయం. పైసా ఇవ్వక్కర్లేదు. 2022 నుంచి కిండిల్ వాళ్ళు ఈపబ్ ఫైళ్ళను మెయిల్ ద్వారా పంపుకోనిస్తున్నారు. పుస్తకం తెరిచాం. అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. "కాస్త పెద్దది చెయ్" అన్నారు మాస్టారు. చేశాను. "ఇంకొంచెం." చేశాను. పంక్తికి నాలుగు మాటలే పట్టేంత పెద్దవయ్యాయి. వత్తులు కింది పంక్తి గుడులకు తగలకుండా పంక్తుల మధ్య ఎడం కూడా పెంచాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తెరను చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. "డాక్టరు కళ్ళజోడు మార్చమన్నాడురా. ఆ డబ్బులు మిగిలేట్టున్నాయి" అన్నారు. ఆ తర్వాత నాతో మాట్లాడనేలేదు. కాఫీ తెచ్చిన వాళ్ళావిడ రెండుసార్లు పిలిస్తే గానీ తలెత్తలేదు.

అదే యంత్రం, అదే మనిషి. తేడా అంతా పుస్తకం ఏ రూపంలో ఉందన్న దగ్గరే.

సరే, అలా ఉచితంగా, శుభ్రంగా దొరికే పుస్తకాలు ఎవరెవరివి? మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళకు గానీ హక్కులు తీరవు. గురజాడ, వీరేశలింగం, పానుగంటి, చిలకమర్తి ఎప్పుడో వచ్చేశారు. మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు. 2019 నుంచి ఆయన అందరివాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు కాబట్టి 2022 నుంచి మనకు దొరికారు. ఇది చిన్న కానుక కాదు. కానీ బుచ్చిబాబు కావాలంటే 2028 దాకా, విశ్వనాథ కావాలంటే 2037 దాకా, చలం కావాలంటే 2040 దాకా ఆగాలి. ఈ మధ్యలో ఉన్నవాళ్ళూ, ఇవాళ రాస్తున్నవాళ్ళూ కొనుక్కునే దారిలో రావాలి. ఆ దారే మనకు సరిగ్గా పడలేదు. తెలుగు ఈ-పుస్తకాలు అమ్మడానికి 2010లో కినిగె లాంటి ప్రయత్నం జరిగింది. కథలకు ప్రతిలిపి లాంటి యాప్‌లు వచ్చాయి. వాటి పాఠకుల్లో ఎక్కువమంది ఫోన్ల మీదే ఉన్నారు. ఆ యాప్‌లు మామూలు కిండిల్లో ఎక్కవు. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ పలకలు ఉన్నాయి గానీ వాటి ధర మరీ ఎక్కువ.

ధర మాటకొస్తే, చిన్న కిండిల్ 2022లో ఇక్కడికి వచ్చినప్పుడు పదివేల దరిదాపుల్లో ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చిన కొత్త పేపర్‌వైట్ కిండిల్ ధర అప్పట్లో 16,999 రూపాయలు. పదివేలకు ఏలూరు రోడ్డులో రెండు వందల చొప్పున యాభై పుస్తకాలొస్తాయి. నెలకొకటి చదివేవాళ్ళకు నాలుగేళ్ళ గ్రాసం. పైగా అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకానికి, అచ్చులో కూడా ఉన్నదైతే, 2018 నుంచి అయిదు శాతం. ఇంగ్లీషు చదివేవాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు నూట యాభైకి, రెండు వందలకు ఈ-పుస్తకాలు దొరుకుతాయి, పాతవైతే ఉచితం. అమెరికాలో మైకేల్ హార్ట్ 1971లోనే గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు మొదలుపెట్టి ఆ పాత పుస్తకాలను టైపు చేస్తూ వచ్చాడు మరి.

కొన్న పుస్తకం మనదేనా అన్నది ఇంకో ప్రశ్న. 2009 జులైలో, హక్కులు లేనివాళ్ళు అమ్మారన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచే అమెజాన్ రాత్రికి రాత్రి తుడిచేసింది. డబ్బులు వాపసిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. తుడిచిన పుస్తకాల్లో ఒకటి, ప్రభుత్వం కాగితాలను మాయం చేయడం గురించి రాసిన '1984' కావడం విచిత్రం. 2023 జూన్ చివరికి చైనాలో కిండిల్ పుస్తకాల దుకాణాన్నే కట్టేశారు. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపి దాచుకునే వీలును తీసేశారు. ఎమెస్కో వాళ్ళ పాకెట్ పుస్తకం ఒకటి మా వీధిలో ఎన్ని ఇళ్ళు తిరిగిందో, అట్ట ఊడినా ఎన్ని చేతులు మారిందో మా తరానికి తెలుసు. కిండిల్లో కొన్న పుస్తకాన్ని పక్కింటి పిన్నిగారికి ఇవ్వాలంటే కిండిల్ మొత్తం ఇవ్వాల్సిందే.

మా ఎండల సంగతీ చెప్పాలి. ఈ పరికరం సున్నా నుంచి ముప్పై అయిదు డిగ్రీల మధ్య వాడుకోవాలని తయారీదారులు రాస్తారు. మే నెలలో మా ఊళ్ళో ముప్పై అయిదు డిగ్రీలంటే చల్లబడిందని సంతోషిస్తాం. ఎండలో ఆపిన కారులోనో, రేకుల కప్పు కింద కిటికీ పక్కనో వదిలెయ్యకండి.

గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్ళకు ఒక మాట. మీకిది వద్దు. మీ పుస్తకాల్లో పట్టికలు, పటాలు ఉంటాయి. నాలుగు పుస్తకాలు ఒక్కసారి తెరిచి ముందుకూ వెనక్కూ తిప్పుకోవాలి. ఈ యంత్రం కథలాగా మొదలుపెట్టి చివరిదాకా చదివే పుస్తకాలకే తప్ప తిరగేసే పుస్తకాలకు పనికిరాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబుల్లాంటివి ఆ పనికి నయం. అయితే వాటి తెర ఫోను తెరలాంటిదే కాబట్టి కళ్ళకు అలసట తప్పదు.

నా లెక్కలో దీన్ని తప్పకుండా కొనాల్సినవాళ్ళు ఒకరున్నారు. మన శాఖా గ్రంథాలయాలు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. 1914లో ఆంధ్రదేశపు తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసి ఊరూరికీ పంపించారు. మన జిల్లాల్లో ఇవాళ శాఖా గ్రంథాలయానికి రెండేసి ఈ-రీడర్లు కొని, వికీసోర్స్ పుస్తకాలన్నీ ఎక్కించి, చూపు మందగించిన పెద్దవాళ్ళకు వారం వారం ఇంటికిస్తే అంతకంటే కావలసిందేముంది? దినపత్రికలోని సన్నక్షరం కనపడక గ్రంథాలయానికి రావడమే మానేసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థ వారు ఈ మాట ఆలకించాలని మనవి.

ఇక సొంతానికి కొనేవాళ్ళ విషయం. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్ళు, నెలకు రెండు మూడు పుస్తకాలైనా పూర్తి చేసేవాళ్ళు నిస్సంకోచంగా కొనుక్కోండి. తెలుగు మాత్రమే చదివేవాళ్ళలో అరవై దాటి, అక్షరం పెద్దదైతే తప్ప చదవలేనివాళ్ళకు, పాత సాహిత్యం మీద మక్కువ ఉంటే, కొనిపెట్టమని పిల్లలకు చెప్పండి. కొత్త తెలుగు నవలలు, కథలు చదవాలనుకునే మిగతావాళ్ళు ఆ పదివేలు ప్రస్తుతానికి పుస్తకాల మీదే పెట్టండి.

కొనదలిచినవాళ్ళు ఒక్క పరీక్ష చేసి చూడండి. పరికరం ఇప్పటికే ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్ళండి. వికీసోర్స్ నుంచి ఒక తెలుగు ఈపబ్ దింపించి, అందులో ఎక్కించమనండి. పాత మోడలుకూ కొత్త మోడలుకూ తేడాలుంటాయి కాబట్టి మీరు కొనబోయే మోడల్లోనే చూడండి. సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న పేజీ ఒకటి తెరిచి వత్తులు విడిపోతున్నాయేమో, గుడులు పక్కకు జరుగుతున్నాయేమో గమనించండి. అక్షరాన్ని మీ కంటికి హాయిగా ఉండేంత పెంచి పది పేజీలు చదవండి. సాఫీగా సాగితే కొనండి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే వాపసు గడువు ఎన్నాళ్ళో ముందే చూసుకుని, వచ్చిన రోజే ఈ పరీక్ష చేయండి. బిల్లు, డబ్బా మాత్రం గడువు తీరేదాకా పారేయకండి.